యూనిట్ – 9 : సౌర పవనం, సూర్యుని అయస్కాంత క్షేత్రం – వ్యోమనౌకలతో అధ్యయనం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 సౌర పవన భావన – పుట్టుక, నిర్ధారణ
9.3 సౌర పవన ధర్మాలు
9.4 సూర్యుని అయస్కాంత క్షేత్రం
9.5 వ్యోమనౌకలోని కొలత పరికరాలు
9.6 ముఖ్యమైన వ్యోమయాత్రలు
9.7 ఆదిత్య-ఎల్1
9.8 భూమిపై ప్రభావం – ఒక గంట గడువు
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు

• సౌర పవనం అంటే ఏమిటో, అది ఎందుకు వీస్తుందో వివరించగలుగుతారు.
• సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని దూరం నుంచి, దగ్గర నుంచి కొలిచే పద్ధతుల మధ్య తేడా చెప్పగలుగుతారు.
• ఫారడే పాత్ర, ఫ్లక్స్‌గేట్ అయస్కాంతమాపకం పనిచేసే సూత్రాలను తెలపగలుగుతారు.
• ముఖ్యమైన సౌర వ్యోమయాత్రల ఫలితాలను పోల్చగలుగుతారు.
• సౌర పవనంలోని అయస్కాంత క్షేత్ర దిశ భూమికి ఎందుకు ముఖ్యమో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

1989 మార్చి 13 తెల్లవారుజామున కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో విద్యుత్ వ్యవస్థ ఒకటిన్నర నిమిషంలో కుప్పకూలింది. సుమారు 60 లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలపాటు చీకట్లో, చలిలో గడిపారు. తుఫాను గాలి వీయలేదు, పిడుగు పడలేదు. కారణం 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యుడు. రెండు మూడు రోజుల ముందు సూర్యుని నుంచి విడుదలైన అయస్కాంతీకృత ప్లాస్మా మేఘం భూమిని తాకడంతో ఈ సంఘటన జరిగింది.

సూర్యుని నుంచి మనకు వెలుగు, వేడి వస్తాయని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. వాటితోపాటు పదార్థం కూడా వస్తుంది. సూర్యుని బాహ్య వాతావరణమైన కరోనా నుంచి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు అన్ని దిశలలోనూ ఎడతెరిపి లేకుండా ప్రవహిస్తూ ఉంటాయి. ఈ ప్రవాహాన్నే సౌర పవనం అంటారు. ఇది తనతోపాటు సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొస్తుంది.

భూమి తన అయస్కాంత క్షేత్రంతో ఈ ప్రవాహాన్ని పక్కకు మళ్లిస్తుంది. అందువల్ల నేలమీద కూర్చుని సౌర పవనాన్ని నేరుగా కొలవలేం. భూమి రక్షణ కవచాన్ని దాటి బయటికి వెళ్లాలి. ఈ శాస్త్రం వ్యోమనౌకలతోపాటే ఎదగడానికి ఇదే కారణం.

9.2 సౌర పవన భావన – పుట్టుక, నిర్ధారణ

9.2.1 తోకచుక్కలు ఇచ్చిన ఆధారం

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎగిరే దిక్కును చూసి గాలివాటం చెప్పగలం. గాలి కంటికి కనిపించనక్కరలేదు. తోకచుక్కల విషయంలో జరిగింది ఇదే. తోకచుక్క ఏ దిశలో ప్రయాణిస్తున్నా, దాని అయాన్ల తోక ఎప్పుడూ దాదాపు సూర్యునికి వ్యతిరేక దిశలోనే ఉంటుంది. ధూళి తోకను కాంతి పీడనం నెట్టగలదు. కాని అయాన్ల తోకలో కనిపించే త్వరణానికి కాంతి పీడనం ఏమాత్రం సరిపోదు. సూర్యుని నుంచి నిరంతరం వెలువడే కణాలే ఈ తోకను నెడుతున్నాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ బీర్మన్ 1951లో ప్రతిపాదించాడు.

9.2.2 పార్కర్ సిద్ధాంతం

కరోనా ఉష్ణోగ్రత 10 లక్షల కెల్విన్లకు పైగా ఉంటుందని 1940ల నాటికే వర్ణపట రేఖల ద్వారా తెలిసింది. ఇంత వేడి వాయువు సూర్యుని చుట్టూ కదలకుండా నిలిచి ఉండగలదా? అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు యూజీన్ పార్కర్ 1958లో ఈ ప్రశ్నను తీసుకొన్నాడు. ఆయన వాదనను మెట్టు మెట్టుగా చూద్దాం.

(i) వేడి ప్లాస్మా మంచి ఉష్ణవాహకం. అందువల్ల సూర్యునికి దూరంగా వెళ్లినా కరోనా ఉష్ణోగ్రత నెమ్మదిగానే తగ్గుతుంది.
(ii) కరోనా నిశ్చలంగా ఉందనుకొని లెక్క కడితే, చాలా దూరంలో కూడా దాని పీడనం సున్నాకు చేరదు. నక్షత్రాల మధ్య ఉండే పలుచని వాయువు పీడనం కంటే అది ఎంతో ఎక్కువగా వస్తుంది.
(iii) అంత పీడనాన్ని బయటి నుంచి అదిమిపట్టి ఉంచేది ఏదీ లేదు.
(iv) కాబట్టి కరోనా నిశ్చలంగా ఉండలేదు. అది వ్యాకోచిస్తూ బయటికి ప్రవహించి తీరాలి. ఈ ప్రవాహం సూర్యుని దగ్గర నెమ్మదిగా మొదలై, కొంత దూరం పోయాక ధ్వని వేగాన్ని మించిపోతుంది.

ఈ వ్యాసాన్ని పరిశీలించిన ఇద్దరు నిపుణులు దీన్ని తిరస్కరించమన్నారు. ఆ పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు కూడా ఈ భావన నచ్చలేదు. అయితే గణితంలో తప్పేదీ కనిపించకపోవడంతో ఆయన వ్యాసాన్ని ప్రచురించాడు. తన అభిప్రాయానికి విరుద్ధమైన వాదనను కూడా దాని తర్కాన్ని బట్టే తూచాలన్నది ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం.

9.2.3 ప్రత్యక్ష నిర్ధారణ

సోవియట్ యూనియన్ 1959లో పంపిన లూనా వ్యోమనౌకలలోని అయాన్ గ్రాహకాలు భూమి అయస్కాంత ప్రభావానికి వెలుపల అయాన్ల ప్రవాహాన్ని మొదటిసారి పసిగట్టాయి. అయితే అవి కొద్దిసేపు తీసిన కొలతలు. ఈ పవనం ఎప్పుడూ వీస్తుందా, అప్పుడప్పుడు వీస్తుందా అన్నది తేలలేదు. 1962 ఆగస్టు 27న శుక్రగ్రహం వైపు బయలుదేరిన అమెరికా వ్యోమనౌక మారినర్-2 దారిలో మూడు నెలలకు పైగా కొలతలు పంపింది. మార్సియా నాయ్‌గెబౌర్, కాన్వే స్నైడర్ వాటిని విశ్లేషించారు. పవనం ఒక్క రోజు కూడా ఆగలేదు. పైగా వేగవంతమైన ప్రవాహాలు సుమారు 27 రోజులకొకసారి తిరిగి వచ్చాయి. భూమి నుంచి చూసినప్పుడు సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలం కూడా 27 రోజులే. అంటే ఆ ప్రవాహాల మూలం సూర్యునిమీద ఒక నిర్దిష్ట ప్రాంతమని అర్థం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I

1. తోకచుక్క అయాన్ తోక సౌర పవనానికి ఎలా ఆధారమైంది?
2. లూనా కొలతల తరవాత కూడా మారినర్-2 కొలతలు ఎందుకు అవసరమయ్యాయి?

9.3 సౌర పవన ధర్మాలు

భూకక్ష్య దగ్గర సౌర పవనపు ప్రాతినిధ్య విలువలు ఇలా ఉంటాయి.

వేగం : సెకనుకు 300 నుంచి 800 కి.మీ.
సాంద్రత : ఘన సెంటీమీటరుకు సుమారు 5 ప్రోటాన్లు
ఉష్ణోగ్రత : సుమారు 1 లక్ష కెల్విన్లు
అయస్కాంత క్షేత్రం : సుమారు 5 నానోటెస్లాలు
సంఘటనం : ఎక్కువగా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, అయాన్ల సంఖ్యలో 4 శాతం వరకు ఆల్ఫా కణాలు, స్వల్పంగా ఆక్సిజన్, ఇనుము వంటి భార అయాన్లు

లక్ష కెల్విన్ల ప్లాస్మాలో వ్యోమనౌక కరిగిపోదా అని మీకు సందేహం రావచ్చు. దీపావళినాడు కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వల ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలకు తక్కువ ఉండదు. అవి చేతిమీద పడితే చురుక్కుమంటుందేగాని పెద్దగా కాలదు. అదే ఒక గరిటెడు మరిగిన నీళ్లు పడితే బొబ్బలెక్కుతాయి. ఉష్ణోగ్రత ఒకటి, ఉష్ణరాశి మరొకటి. ఘన సెంటీమీటరుకు ఐదు కణాలు మాత్రమే ఉన్న ప్లాస్మా వ్యోమనౌకకు ఇవ్వగల వేడి లెక్కలోకి రాదు. వ్యోమనౌకను నిజంగా వేడెక్కించేది సూర్యకాంతి.

సౌర పవనంలో రెండు రకాలు ఉన్నాయి. సెకనుకు సుమారు 700–800 కి.మీ. వేగంతో వీచే వేగ పవనం కరోనా రంధ్రాల నుంచి వస్తుంది. ఈ ప్రాంతాలలో అయస్కాంత బలరేఖలు మళ్లీ సూర్యుని చేరకుండా అంతరిక్షంలోకి తెరుచుకొని ఉంటాయి. 300–500 కి.మీ. వేగంతో వీచే మంద పవనం సాంద్రంగా, ఒడిదుడుకులతో ఉంటుంది. దీని మూలాలు వేగ పవనం మూలాలంత స్పష్టంగా ఇంకా తేలలేదు.

ఉదాహరణ 9.1 : సౌర పవనం సెకనుకు 400 కి.మీ. వేగంతో వీస్తే భూమిని చేరడానికి ఎంత కాలం పడుతుంది?

సాధన : దూరం = 15 కోట్ల కి.మీ. కాలం = 15,00,00,000 ÷ 400 = 3,75,000 సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఇది సుమారు 4.3 రోజులు. ఇదే దూరాన్ని కాంతి 8 నిమిషాల 20 సెకన్లలో దాటుతుంది. అంటే సూర్యునిమీద జరిగిన విస్ఫోటనాన్ని ముందు చూస్తాం. దాని పదార్థం తరవాత వస్తుంది. ఈ తేడాయే అంతరిక్ష వాతావరణ సూచనకు ఆధారం.

9.4 సూర్యుని అయస్కాంత క్షేత్రం

9.4.1 దూరం నుంచి కొలవడం – జీమన్ ఫలితం

సూర్యుని ఉపరితలంమీద అయస్కాంతమాపకాన్ని ఉంచలేం. అయితే అక్కడి పరమాణువులే మనకు కొలత సాధనాలుగా ఉపయోగపడతాయి. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువు ఉద్గారించే లేదా శోషించే వర్ణపట రేఖ రెండు మూడు అంశాలుగా విడిపోతుంది. దీన్ని జీమన్ ఫలితం అని మీరు పరమాణు భౌతిక శాస్త్రంలో చదివి ఉంటారు. విడిపోయిన రేఖల మధ్య దూరం క్షేత్ర తీవ్రతను, వాటి ధ్రువణం క్షేత్ర దిశను తెలుపుతాయి.

1908లో జార్జ్ ఎలరీ హేల్ అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో సూర్యకళంకాల వర్ణపటాన్ని పరిశీలించి, వాటిలో బలమైన అయస్కాంత క్షేత్రం ఉందని నిరూపించాడు. భూమికి వెలుపల అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించడం అదే మొదటిసారి. పెద్ద కళంకాలలో ఈ క్షేత్రం 0.2 నుంచి 0.4 టెస్లాల వరకు ఉంటుంది. భూమి ఉపరితలంపై క్షేత్రం కంటే ఇది కొన్ని వేల రెట్లు ఎక్కువ. అంతటి క్షేత్రంలోనూ దృశ్యకాంతి రేఖ జరిగేది నానోమీటరులో దాదాపు నూరో వంతు మాత్రమే. ఈ పద్ధతికి ఎంతటి సూక్ష్మత కావాలో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

సూర్యకళంకాల సంఖ్య సుమారు 11 సంవత్సరాలకొకసారి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ సమయంలోనే సూర్యుని ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు తారుమారవుతాయి. మొదటి స్థితికి తిరిగి రావడానికి రెండు చక్రాలు, అంటే 22 సంవత్సరాలు పడుతుంది.

జీమన్ పద్ధతికి ఒక పరిమితి ఉంది. కరోనాలో క్షేత్రం బలహీనం. పైగా అధిక ఉష్ణోగ్రతవల్ల వర్ణపట రేఖలు వెడల్పుగా పరచుకొంటాయి. ఆ వెడల్పులో జీమన్ విభజన కలిసిపోతుంది. అందువల్ల ఉపరితలంపై కొలిచిన విలువలనుంచి కరోనా క్షేత్రాన్ని గణితంతో అంచనా వేయవలసి వస్తుంది. ఆ అంచనా సరైనదా కాదా తేలాలంటే అక్కడికే వెళ్లి కొలవాలి.

9.4.2 పార్కర్ సర్పిలం

ప్లాస్మా చాలా మంచి విద్యుద్వాహకం. అందువల్ల అందులోని అయస్కాంత బలరేఖలు ప్లాస్మాతోపాటే కదులుతాయి. కరోనాలో అయస్కాంత క్షేత్రానిది పైచేయి. ప్లాస్మా బలరేఖల వెంట నడుస్తుంది. దూరంగా వెళ్లాక ప్రవాహానిది పైచేయి. అది బలరేఖలను లాక్కుపోతుంది.

వేరుశనగ చేలో తిరుగుతూ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌ను మీరు చూసే ఉంటారు. ఒక్కో నీటిబొట్టు తిన్నగా బయటికే పోతుంది. కాని స్ప్రింక్లర్ తల తిరుగుతూ ఉండటంవల్ల, వరసగా వెలువడిన బొట్లను కలిపే గీత వంపు తిరిగి కనిపిస్తుంది. సూర్యుడు కూడా తన చుట్టూ తాను తిరుగుతూ ప్లాస్మాను చిమ్ముతాడు. ఒకే చోటునుంచి వెలువడిన ప్లాస్మాను కలిపే బలరేఖ సర్పిలాకారంలో ఉంటుంది. దీన్నే పార్కర్ సర్పిలం అంటారు.

ఉదాహరణ 9.2 : భూకక్ష్య దగ్గర ఈ బలరేఖ సూర్యుడు–భూమి రేఖతో ఎంత కోణం చేస్తుంది? పవన వేగం సెకనుకు 400 కి.మీ. అనుకోండి.

సాధన : కోణపు టాంజెంట్ = (సూర్యుని కోణీయ వేగం × దూరం) ÷ పవన వేగం. సూర్యుని భ్రమణ కాలం సుమారు 25.4 రోజులు, అంటే 21.9 లక్షల సెకన్లు. కాబట్టి కోణీయ వేగం = 6.28 ÷ 21.9 లక్షలు = సెకనుకు 2.87 × 10⁻⁶ రేడియన్లు. దీన్ని 15 కోట్ల కి.మీ.తో గుణిస్తే సెకనుకు 430 కి.మీ. వస్తుంది. 430 ÷ 400 = 1.08. కోణం సుమారు 47°. వ్యోమనౌకలు కొలిచిన సగటు కోణం కూడా 45° ప్రాంతంలోనే ఉంటుంది.

9.5 వ్యోమనౌకలోని కొలత పరికరాలు

9.5.1 ఫారడే పాత్ర

ఇది ఒక లోహపు గిన్నె. దాని మూతి దగ్గర ఒక తీగవల ఉంటుంది. ఈ వలకు ధన పొటెన్షియల్ ఇస్తే, తగినంత శక్తి ఉన్న ధన అయాన్లు మాత్రమే దాన్ని దాటి లోపలి పలకను చేరతాయి. మిగిలినవి వెనక్కు మళ్లుతాయి. పొటెన్షియల్‌ను మారుస్తూ పలకమీది విద్యుత్ ప్రవాహాన్ని కొలిస్తే, ఏ వేగంతో ఎన్ని అయాన్లు వస్తున్నాయో తెలుస్తుంది.

ఉదాహరణ 9.3 : సెకనుకు 400 కి.మీ. వేగంతో వచ్చే ప్రోటాన్‌ను ఆపడానికి ఎంత పొటెన్షియల్ కావాలి? అదే వేగంతో వచ్చే ఆల్ఫా కణాన్ని ఆపడానికో?

సాధన : ప్రోటాన్ గతిజశక్తి = ½ × 1.67 × 10⁻²⁷ × (4 × 10⁵)² = 1.34 × 10⁻¹⁶ జౌళ్లు. దీన్ని ప్రోటాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులతో భాగిస్తే సుమారు 835 వోల్టులు. ఆల్ఫా కణం ద్రవ్యరాశి నాలుగు రెట్లు కాబట్టి శక్తి నాలుగు రెట్లు. ఆవేశం రెండు రెట్లు. కావలసిన పొటెన్షియల్ 4 ÷ 2 = 2 రెట్లు, అంటే 1,670 వోల్టులు.

ఈ ఫలితం చాలా ఉపయోగకరమైనది. కొలతల రేఖాచిత్రంలో ప్రోటాన్ల శిఖరానికి దాదాపు రెట్టింపు స్థానంలో రెండో చిన్న శిఖరం కనిపిస్తే అది ఆల్ఫా కణాలదని గుర్తించవచ్చు. వంపు తిరిగిన పలకల మధ్య విద్యుత్ క్షేత్రంతో అయాన్లను శక్తినిబట్టి వేరుచేసే స్థిరవిద్యుత్ విశ్లేషకం కూడా ఇదే నిష్పత్తిపై ఆధారపడుతుంది.

9.5.2 ఫ్లక్స్‌గేట్ అయస్కాంతమాపకం

సులభంగా అయస్కాంతీకరణం చెందే ఒక కోర్ చుట్టూ రెండు తీగచుట్టలు ఉంటాయి. మొదటి చుట్టలో ఏకాంతర విద్యుత్ పంపి, కోర్‌ను ఒకసారి ఈ దిశలో, ఒకసారి ఆ దిశలో సంతృప్త స్థితికి తెస్తారు. బయటి క్షేత్రం లేకపోతే రెండు దిశలలోనూ సంతృప్తత సమానంగా జరుగుతుంది. బయటి క్షేత్రం ఉంటే కోర్ ఒక దిశలో కాస్త ముందుగా, మరో దిశలో కాస్త ఆలస్యంగా సంతృప్తమవుతుంది. ఈ అసమానతవల్ల రెండో చుట్టలో, ఇచ్చిన పౌనఃపున్యానికి రెట్టింపు పౌనఃపున్యంతో ఒక సంకేతం పుడుతుంది. దాని పరిమాణం బయటి క్షేత్రానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మూడు లంబ దిశలలో ఇటువంటి సాధనాలను అమర్చితే క్షేత్రం తీవ్రత, దిశ రెండూ తెలుస్తాయి.

కొలవవలసిన క్షేత్రం 5 నానోటెస్లాలు మాత్రమే. భూమిపై క్షేత్రం 25,000 నుంచి 65,000 నానోటెస్లాలు. వ్యోమనౌకలోని తీగలలో పారే విద్యుత్తే ఐదు నానోటెస్లాలను సులభంగా మింగేస్తుంది. అందుకే అయస్కాంతమాపకాన్ని పొడవైన దండం చివర అమర్చుతారు. ఆ దండంమీదే మధ్యలో రెండో మాపకాన్ని కూడా ఉంచుతారు. సౌర పవన క్షేత్రం రెండింటి దగ్గరా ఒకటే. వ్యోమనౌక క్షేత్రం మాత్రం దగ్గరి మాపకంమీద ఎక్కువ, దూరపు మాపకంమీద తక్కువ. రెండు కొలతల భేదం నుంచి వ్యోమనౌక సొంత క్షేత్రాన్ని లెక్కించి తీసివేస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II

3. కరోనా అయస్కాంత క్షేత్రాన్ని జీమన్ పద్ధతితో కొలవడం ఎందుకు కష్టం?
4. పవన వేగం సెకనుకు 800 కి.మీ. అయితే పార్కర్ సర్పిలపు కోణం పెరుగుతుందా, తగ్గుతుందా?
5. ఒకే దండంమీద రెండు అయస్కాంతమాపకాలను ఎందుకు ఉంచుతారు?

9.6 ముఖ్యమైన వ్యోమయాత్రలు

హీలియోస్-1, 2 (1974, 1976) : పశ్చిమ జర్మనీ, అమెరికా కలిసి పంపిన ఈ నౌకలు సూర్య–భూమి దూరంలో 0.3 వంతు దూరం వరకు వెళ్లి, సూర్యునికి దగ్గరలో పవనం ఎలా ఉంటుందో కొలిచాయి.

యులిసిస్ (1990–2009) : గ్రహాలన్నీ దాదాపు ఒకే తలంలో తిరుగుతాయి. అందువల్ల అప్పటివరకు వచ్చిన కొలతలన్నీ సూర్యుని మధ్యరేఖ ప్రాంతానికి ఎదురుగా తీసినవే. యులిసిస్‌ను ముందు గురుగ్రహం దగ్గరకు పంపారు. 1992 ఫిబ్రవరిలో గురుని గురుత్వాకర్షణ దాన్ని ఆ తలం నుంచి బయటికి విసిరింది. సూర్య కనిష్ఠ కాలానికి దగ్గరగా, 1994–95లో ఇది ధ్రువ ప్రాంతాల మీదుగా వెళ్లినప్పుడు, అక్కడ సెకనుకు సుమారు 750 కి.మీ. వేగంతో నిలకడైన పవనం వీస్తోందని తెలిసింది. మంద పవనం మధ్యరేఖకు ఇరువైపులా ఒక పట్టీలోనే ఉంది. 2000–01లో సూర్య గరిష్ఠ కాలంలో మళ్లీ వెళ్లినప్పుడు ఈ క్రమం చెదిరిపోయి, అన్ని అక్షాంశాలలోనూ రెండు రకాల పవనాలూ కలగలిసి కనిపించాయి.

వాయేజర్-1, 2 : సౌర పవనం అనంతంగా పోదు. నక్షత్రాంతర వాయువు దాన్ని ఒక హద్దు దగ్గర ఆపుతుంది. వాయేజర్-1 2012 ఆగస్టులో, సూర్య–భూమి దూరానికి సుమారు 121 రెట్ల దూరంలో ఈ హద్దు దాటింది. వాయేజర్-2 2018 నవంబరులో దాటింది.

పార్కర్ సౌర శోధకం (2018) : ఆగస్టు 12న దీన్ని ప్రయోగించినప్పుడు 91 ఏళ్ల పార్కర్ స్వయంగా చూశాడు. సూర్యుని దగ్గరకు వెళ్లడం తేలిక అనిపించవచ్చు. నిజానికి అది కష్టం. భూమితోపాటు ఏ వ్యోమనౌకకైనా సెకనుకు 30 కి.మీ. కక్ష్యావేగం ఉంటుంది. అందులో చాలా భాగం పోగొట్టుకొంటేనే అది సూర్యుని వైపు పడుతుంది. అందుకు ఈ నౌక శుక్రగ్రహం పక్కనుంచి ఏడుసార్లు ప్రయాణించి, ప్రతిసారీ కక్ష్యను కుదించుకొంది. సుమారు 11.5 సెం.మీ. మందమున్న కార్బన్ కవచం ముందుభాగం వెయ్యి డిగ్రీలు దాటి కాగుతున్నా, దాని నీడలోని పరికరాలు గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటాయి.

2021 ఏప్రిల్ 28న ఈ నౌక 18.8 సౌర వ్యాసార్ధాల దూరంలో ఆల్ఫ్‌వెన్ తలాన్ని దాటి లోపలికి వెళ్లింది. పవన వేగం, అయస్కాంత తరంగాల వేగం సమానమయ్యే హద్దు ఇది. దీనికి లోపల ఉన్నది కరోనా. వెలుపల ఉన్నది స్వేచ్ఛగా పారే సౌర పవనం. మానవ నిర్మిత వస్తువు సూర్య వాతావరణంలోకి ప్రవేశించడం అదే మొదటిసారి. 2024 డిసెంబరు 24న ఇది సూర్యుని ఉపరితలానికి 61 లక్షల కి.మీ. దూరంలోకి చేరింది. అప్పటి వేగం గంటకు సుమారు 6.9 లక్షల కి.మీ. ఆ వేగంతో హైదరాబాదు నుంచి విజయవాడకు ఒకటిన్నర సెకను చాలు.

ఈ నౌక అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా వెనక్కు మడతపడి మళ్లీ సర్దుకొనే సంఘటనలను వేల సంఖ్యలో నమోదు చేసింది. వీటిని క్షేత్ర మడతలు అనవచ్చు. కరోనాను లక్షల డిగ్రీలకు వేడెక్కించే శక్తి, పవనాన్ని తోసే శక్తి అయస్కాంత క్షేత్రం నుంచే ఎలా వస్తున్నాయో తెలుసుకోవడానికి ఇవి ముఖ్యమైన ఆధారాలు. ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం ఇంకా రాలేదు.

సోలార్ ఆర్బిటర్ (2020) : ఐరోపా అంతరిక్ష సంస్థ నడుపుతున్న ఈ నౌక, సూర్యుని ఉపరితలాన్ని చూస్తూనే తన చుట్టూ ఉన్న పవనాన్ని కొలుస్తుంది. ఏ పవనం ఎక్కడ పుట్టిందో జతపరచడం దీని ప్రత్యేకత. దీని కక్ష్య క్రమంగా వాలుతూ ఉండటంవల్ల 2025లో సూర్యుని దక్షిణ ధ్రువ చిత్రాలను పంపగలిగింది.

9.7 ఆదిత్య-ఎల్1

భారతదేశపు మొదటి అంతరిక్ష సౌర వేధశాల ఆదిత్య-ఎల్1ను 2023 సెప్టెంబరు 2న తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 రాకెట్ ద్వారా ప్రయోగించారు. 2024 జనవరి 6న ఇది ఎల్1 బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలోకి చేరింది.

ఆదిత్య సూర్యుని దగ్గరకు వెళ్లిందని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. ఎల్1 బిందువు భూమి నుంచి సూర్యుని వైపు 15 లక్షల కి.మీ. దూరంలో ఉంది. ఇది మొత్తం దూరంలో నూటికి ఒక వంతు మాత్రమే. మరి ఈ బిందువు ప్రత్యేకత ఏమిటి? కెప్లర్ మూడో నియమం ప్రకారం సూర్యునికి దగ్గరగా ఉన్న వస్తువు భూమికంటే త్వరగా ఒక చుట్టు పూర్తి చేయాలి. కాని ఎల్1 దగ్గర భూమి ఆకర్షణ వెనక్కు లాగి సూర్యుని నికర ఆకర్షణను కొద్దిగా తగ్గిస్తుంది. అందువల్ల అక్కడి వస్తువు కూడా సరిగ్గా ఒక సంవత్సరంలోనే తిరుగుతుంది. ఎల్లప్పుడూ భూమికి, సూర్యునికి మధ్యనే ఉంటుంది. అక్కడ గ్రహణాలుండవు, సూర్యుణ్ణి నిరంతరం చూడవచ్చు. పైగా భూమి వైపు వచ్చే పవనం ముందుగా అక్కడికే చేరుతుంది. సరిగ్గా ఆ బిందువులోనే ఉంచితే వెనక ఉన్న సూర్యుని రేడియో రొదలో నౌక సంకేతాలు మునిగిపోతాయి. కాబట్టి బిందువు చుట్టూ ఒక పెద్ద వలయ కక్ష్యలో తిప్పుతారు.

ఆదిత్యలోని ఏడు పరికరాలలో నాలుగు సూర్యుని దూరం నుంచి పరిశీలిస్తాయి. మూడు తమ చుట్టూ ఉన్న ప్లాస్మాను, క్షేత్రాన్ని కొలుస్తాయి. ఈ మూడింటిలో అహ్మదాబాదులోని భౌతిక పరిశోధనశాల తయారుచేసిన ఆస్పెక్స్ అయాన్లను, తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల తయారుచేసిన పాపా ఎలక్ట్రాన్లను, అయాన్లను కొలుస్తాయి. మూడోది అయస్కాంతమాపకం. దీనికి 6 మీటర్ల దండం ఉంది. 9.5.2లో చెప్పినట్లే దండం చివర ఒకటి, మధ్యలో ఒకటి చొప్పున రెండు ఫ్లక్స్‌గేట్ మాపకాలు ఉన్నాయి. ఆస్పెక్స్‌లోని అయాన్ వర్ణపటమాపకం 2023 నవంబరులో పని మొదలుపెట్టి, ప్రోటాన్లను, ఆల్ఫా కణాలను విడివిడిగా నమోదు చేసింది. ఉదాహరణ 9.3ను మరొకసారి చూడండి.

9.8 భూమిపై ప్రభావం – ఒక గంట గడువు

సూర్యుని నుంచి ఒక్కోసారి కోట్ల టన్నుల ప్లాస్మా, తన అయస్కాంత క్షేత్రంతో సహా ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. దీన్ని కరోనా ద్రవ్య విసర్జన అంటారు. ఇది భూమిని తాకినప్పుడు ఏమవుతుందన్నది ప్రధానంగా దాని అయస్కాంత క్షేత్ర దిశమీద ఆధారపడి ఉంటుంది.

భూమి మధ్యరేఖ దగ్గర మన అయస్కాంత క్షేత్రం ఉత్తర దిశగా ఉంటుంది. వచ్చే మేఘంలోని క్షేత్రం కూడా ఉత్తర దిశగా ఉంటే, చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. దక్షిణ దిశగా ఉంటే రెండు వ్యతిరేక బలరేఖలు తెగి ఒకదానితో ఒకటి అతుక్కొంటాయి. దీన్ని అయస్కాంత పునఃసంధానం అంటారు. అప్పుడు మన కవచంలో తలుపు తెరుచుకొన్నట్లే. సౌర పవన శక్తి లోపలికి వచ్చి భూఅయస్కాంత తుఫాను రేగుతుంది.

ఇటువంటి తుఫానులో భూమి అయస్కాంత క్షేత్రం వేగంగా మారుతుంది. ఫారడే నియమం ప్రకారం మారే క్షేత్రం విద్యుచ్ఛాలక బలాన్ని ప్రేరేపిస్తుంది. వందల కిలోమీటర్ల విద్యుత్ లైన్లలో దాదాపు ఏకముఖ విద్యుత్ ప్రవహించి, ట్రాన్స్‌ఫార్మర్ల కోర్‌లను సంతృప్త స్థితికి నెడుతుంది. అయస్కాంతమాపకంలో కావాలని తెచ్చిన సంతృప్తతే ఇక్కడ ప్రమాదానికి దారితీస్తుంది. క్విబెక్‌లో జరిగింది ఇదే.

2024 మే 10–11 తేదీలలో వచ్చిన తుఫాను ఇటీవలి రెండు దశాబ్దాలలో అతి పెద్దది. లడఖ్‌లోని హాన్లేలో సైతం ఆకాశం ఎర్రబడింది. అక్షాంశం తక్కువైన మన ప్రాంతాలలో ధ్రువకాంతులు కనిపించకపోయినా ప్రభావం ఉండదనుకోరాదు. తుఫాను సమయంలో భూమి చుట్టూ పెరిగే వలయ విద్యుత్ ప్రవాహం, మధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో క్షితిజ సమాంతర క్షేత్రాన్ని తగ్గిస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అయస్కాంత వేధశాల వంటి కేంద్రాలు ఈ తగ్గుదలను నమోదు చేస్తాయి. అయనావరణం కల్లోలితమై ఉపగ్రహ మార్గదర్శక సంకేతాలలో దోషాలు కూడా పెరుగుతాయి.

ఉదాహరణ 9.4 : సెకనుకు 400 కి.మీ. వేగంతో వచ్చే పవనాన్ని ఎల్1 దగ్గర కొలిస్తే మనకు ఎంత గడువు ఉంటుంది? మేఘం వేగం 1,000 కి.మీ. అయితే?

సాధన : 15,00,000 ÷ 400 = 3,750 సెకన్లు, అంటే ఒక గంట రెండున్నర నిమిషాలు. 1,000 కి.మీ. వేగమైతే 1,500 సెకన్లు, అంటే 25 నిమిషాలు.

ఈ లెక్కలో ఉన్న చిక్కును గమనించండి. మేఘం బయలుదేరిందన్న సంగతి కరోనా చిత్రాలనుంచి ఒకటి నుంచి మూడు రోజుల ముందే తెలుస్తుంది. కాని దాని క్షేత్రం ఉత్తరమా, దక్షిణమా అన్నది ఎల్1లోని మాపకాన్ని తాకేవరకు నమ్మకంగా తెలియదు. అంటే తుఫాను వస్తుందని రోజుల ముందు తెలిసినా, అది హాని చేస్తుందా లేదా అన్నది ఒక గంట ముందే తేలుతుంది. విద్యుత్ లైన్లపై భారం తగ్గించాలన్నా, ఉపగ్రహాలను సురక్షిత స్థితిలో ఉంచాలన్నా ఉన్న గడువు అంతే. ఈ గంటను ఒక రోజుగా మార్చాలంటే, క్షేత్ర దిశను మేఘం పుట్టే చోటే గుర్తించగలగాలి. సూర్యుని దగ్గరి కొలతలను, ఎల్1 కొలతలను జతచేసి చూడటం వెనక ఉన్న ప్రధాన ప్రయోజనాలలో ఇది ఒకటి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – III

6. యులిసిస్‌ను సూర్యుని వైపు కాక ముందుగా గురుగ్రహం వైపు ఎందుకు పంపారు?
7. మేఘంలోని క్షేత్రం దక్షిణ దిశగా ఉంటే ప్రమాదం ఎందుకు ఎక్కువ?

9.9 సారాంశం

వేడి కరోనా నిశ్చలంగా నిలవలేక నిరంతరం బయటికి ప్రవహించడమే సౌర పవనం. 1958లో పార్కర్ దీన్ని సిద్ధాంతపరంగా చూపగా, 1962లో మారినర్-2 నిరంతర కొలతలతో నిర్ధారించింది. సూర్య ఉపరితల క్షేత్రాన్ని జీమన్ ఫలితంతో దూరం నుంచి కొలవవచ్చు. పవనంలోని క్షేత్రాన్ని అక్కడికే వెళ్లి ఫ్లక్స్‌గేట్ మాపకంతో కొలవాలి. సూర్య భ్రమణంవల్ల ఈ క్షేత్రం సర్పిలాకారం పొందుతుంది. యులిసిస్ ధ్రువాల పవనాన్ని, వాయేజర్ నౌకలు పవనపు హద్దును, పార్కర్ శోధకం దాని పుట్టుక ప్రాంతాన్ని పరిశీలించాయి. ఎల్1 దగ్గరి ఆదిత్య వంటి నౌకలు భూమికి ముందస్తు హెచ్చరికకు ఉపయోగపడతాయి. ఆ హెచ్చరికలో కీలకమైనది క్షేత్ర దిశ.

9.10 ముఖ్య పదాలు

ఆల్ఫ్‌వెన్ తలం : సౌర పవన వేగం, అయస్కాంత తరంగ వేగం సమానమయ్యే హద్దు.
ఎల్1 బిందువు : భూమితో సమానంగా సంవత్సరానికొక చుట్టు తిరుగుతూ, భూమికి సూర్యునికి మధ్య నిలిచే స్థానం.
కరోనా రంధ్రం : బలరేఖలు అంతరిక్షంలోకి తెరుచుకొని ఉన్న కరోనా ప్రాంతం.
పార్కర్ సర్పిలం : సౌర పవనం మోసుకుపోయే బలరేఖలు సూర్య భ్రమణంవల్ల పొందే ఆకారం.
ప్లాస్మా : అయాన్లు, ఎలక్ట్రాన్లతో కూడిన, మొత్తంమీద తటస్థమైన వాయు స్థితి.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. తోకచుక్క ఎటు పోతున్నా అయాన్ తోక సూర్యునికి వ్యతిరేక దిశలో ఉంటుంది. దాని త్వరణానికి కాంతి పీడనం సరిపోదు. కాబట్టి కణ ప్రవాహం ఉండాలి.
2. లూనా కొలతలు కొద్దిసేపటివి. పవనం నిరంతరం వీస్తుందని తేలడానికి నెలల తరబడి కొలతలు కావలసి వచ్చాయి.
3. కరోనాలో క్షేత్రం బలహీనం, వర్ణపట రేఖలు వెడల్పు. విభజన ఆ వెడల్పులో కలిసిపోతుంది.
4. తగ్గుతుంది. 430 ÷ 800 = 0.54, కోణం సుమారు 28°.
5. వ్యోమనౌక సొంత క్షేత్రాన్ని భేదం ద్వారా లెక్కించి తీసివేయడానికి.
6. గురుని బలమైన గురుత్వాకర్షణతో నౌకను గ్రహాల తలం నుంచి తప్పించి, సూర్యుని ధ్రువాల మీదుగా పంపడానికి.
7. భూమి క్షేత్రానికి అది వ్యతిరేక దిశ. పునఃసంధానం జరిగి పవన శక్తి లోపలికి వస్తుంది.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కరోనా నిశ్చలంగా ఉండలేదని పార్కర్ ఎలా వాదించాడో వివరించి, ఆ వాదనకు లభించిన ప్రత్యక్ష ఆధారాలను చర్చించండి.
2. ఆదిత్య-ఎల్1 స్థానం, పరికరాలు, ప్రయోజనాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్లక్స్‌గేట్ అయస్కాంతమాపకం పనిచేసే విధానాన్ని తెలపండి.
2. వేగ, మంద సౌర పవనాలను పోల్చండి.
3. "తుఫాను వస్తుందని రోజుల ముందు తెలిసినా, దాని తీవ్రత ఒక గంట ముందే తెలుస్తుంది." కారణాలు రాయండి.

III. లెక్క
భూకక్ష్య దగ్గర ఘన సెంటీమీటరుకు 5 ప్రోటాన్లు సెకనుకు 400 కి.మీ. వేగంతో అన్ని దిశలలోనూ సమానంగా పోతున్నాయనుకొని, సూర్యుడు సెకనుకు ఎంత ద్రవ్యరాశిని కోల్పోతున్నాడో కనుక్కోండి. (జవాబు : సుమారు 9.4 × 10⁸ కిలోగ్రాములు, అంటే దాదాపు పది లక్షల టన్నులు. సూర్యుని మొత్తం ద్రవ్యరాశి 2 × 10³⁰ కిలోగ్రాములు. ఇదే రేటున 500 కోట్ల సంవత్సరాలు పోయినా అందులో పదివేలో వంతు కూడా తరగదని సరిచూడండి.)